చెరువు కట్టల మీద నడకకు రండి, స్పీకర్లు ఇంట్లో పెట్టి రండి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం దగ్గర పడుతోంది. ఇంక మీ జిల్లా పేజీల్లో లక్నవరం తీగల వంతెన ఫొటో, రామప్ప చెరువులో పడవ ఫొటో, పాకాల కట్ట మీద వనభోజనాల ఫొటో వరసగా వస్తాయి. ఆ ఫొటోలు చూసి ఇల్లు కదిలేవాళ్లు చాలామంది ఉంటారు, అది మంచిదే. కానీ ఆ వార్తల్లో ఎంతమంది వచ్చారు, పార్కింగ్ ఎలా ఉంది, కాటేజీ రేటు ఎంత అన్న సంగతులే ఉంటాయి తప్ప ఆ చెరువునే ఇల్లు చేసుకుని బతికే జీవాల గురించి ఒక్క ముక్క ఉండదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, వీలైతే కోయకుండా వేయండి.

మాది హన్మకొండ. ఆదివారాలు పొద్దున్నే బయల్దేరి ఏదో ఒక చెరువు వెంట సాయంత్రం దాకా నడిచి వచ్చే చిన్న బ్యాచ్ మాది. రిటైరైన లెక్కల టీచర్ ఒకాయన, బ్యాంకులో చేసే ఒక చెల్లె, యూనివర్సిటీలో చదివే పిల్లలు కొందరు, ఎరువుల షాపు నడిపే అన్న ఒకరు, ఇలా ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లమే. మాలో పక్షుల మీద పెద్ద చదువులు చదివినవాళ్లు ఎవరూ లేరు. రెండు బైనాక్యులర్లు ఉన్నాయి, అవే చేతులు మారుతుంటాయి. సద్ది కట్టుకుని పోతాం, సర్వపిండి అయితే చల్లారినా బాగుంటుంది కాబట్టి ఎక్కువసార్లు అదే. ప్లేట్లు, గ్లాసులు కొనుక్కుపోము. తిన్న డబ్బాలు తిన్నట్టే సంచిలో ఇంటికి వస్తాయి.

మన వైపు చెరువుల వెంట నడవడంలో ఉన్న సుఖం వేరే చోట దొరకదని నేను గట్టిగా నమ్ముతాను. దానికి కారణం కాకతీయులు చెరువు కట్టిన తీరు. వాళ్లు గుట్టలు ఎక్కడున్నాయో చూసుకుని, ఆ గుట్టల నడుమ ఖాళీని కట్టతో మూసేశారు. పాకాల చూడండి, 1213 ప్రాంతంలో గణపతిదేవుని కాలంలో కట్టింది, సుమారు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు, ఒక వైపు కట్ట, మిగతా వైపులంతా గుట్టలూ అడవీ. మున్నేరు పుట్టేది ఇక్కడే, ఈ నీళ్లే ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తాయి. లక్నవరం, రామప్ప నీళ్లేమో గోదావరి వైపు పోతాయి. అంటే మనం ఒక ఆదివారం పాకాలకూ ఇంకో ఆదివారం లక్నవరానికీ పోయామంటే రెండు పెద్ద నదుల్లోకి పోయే నీళ్ల మొదళ్లు చూసి వచ్చినట్టే. ఇట్లా అడవి మధ్యలో ఉన్న చెరువు కాబట్టే పొద్దున నీళ్ల మీద బాతులు, పది అడుగులు లోపలికి వేస్తే దుప్పుల గిట్టల గుర్తులు, ఇంకాస్త పోతే ఎలుగొడ్డు తవ్విన చెదల పుట్ట, అన్నీ ఒకే దారిలో కనిపిస్తాయి. పాకాల అభయారణ్యం 1952 నుంచే ఉంది, ఏటూరునాగారం అడవిదీ దాదాపు అదే వయసు. ఇంత పాత అభయారణ్యాలు మన పక్కనే ఉన్నాయని మా యూనివర్సిటీ పిల్లల్లో చాలామందికి నడకకు వచ్చేదాకా తెలియదు.

చెరువు వెంట నడక అంటే చాలామంది కట్ట మీద నడవడమే అనుకుంటారు. అసలు సంగతులన్నీ శిఖంలో, అంటే నీళ్లు తగ్గినప్పుడు తేలే చెరువు లోపలి నేలలో ఉంటాయి. వానకాలం మత్తడి దుంకేటప్పుడు నీళ్లు చెట్ల మొదళ్ల దాకా ఉంటాయి, అప్పుడు ఒడ్డున నిలబడి చూడటమే. సంక్రాంతి దాటాక యాసంగి పొలాలకు తూము వదులుతారు కదా, అప్పటి నుంచి నీళ్లు రోజురోజుకూ వెనక్కి జరుగుతాయి. జరిగిన చోట మెత్తటి బురద తేలుతుంది. ఆ బురదలో పురుగులు, నత్తలు, చిన్న చేపలు ఉంటాయి. వాటి కోసం పొడుగు కాళ్ల పిట్టలన్నీ అక్కడికే చేరుతాయి. కంకణాలు వంకర ముక్కులతో బురదను కెలుకుతుంటాయి. ఎర్రకాళ్ల కొంగలు మూతి సగం తెరిచి నీళ్లలో పెట్టుకుని, ఒక కాలితో అడుగున కదిలిస్తూ, చేప తగలగానే టక్కున మూస్తాయి. ముక్కు రెండు దవడల మధ్య సందు ఉండే కొంగ ఇంకొకటి ఉంది, నత్తలు తినేది, ఆ నత్తలోంచి మాంసాన్ని అది బయటికి లాగే తీరు చూడాలి, గుల్ల పగలదు, మాంసం మాత్రం వచ్చేస్తుంది. నీటికాకులు మునిగి లేచి ఎండు కొమ్మల మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. వాటి పక్కనే పాముమెడ పిట్ట ఉంటుంది, నీళ్లలో ఉన్నంతసేపు ఒళ్లంతా మునిగి మెడ ఒక్కటే పైకి కనిపిస్తుంది, కొత్తగా చూసినవాళ్లు పామనే అనుకుంటారు. అది చేపను ముక్కుతో పొడుస్తుంది, పైకి తెచ్చి గాల్లోకి ఎగరేసి తల వైపు నుంచి మింగుతుంది. ఈ ఒక్క దృశ్యం చూసిన పిల్లలు ఆ రోజంతా ఫోన్ తీయరు, ఇది నేను కళ్లారా చూసిన మాట.

మార్చిలో ఒకసారి ఎండలు ముదరకముందు ఇట్లాగే శిఖంలో నడుస్తున్నాం. ఒక తీతువు పిట్ట తల మీదే తిరుగుతూ ఒకటే అరుపు. మన పెద్దవాళ్లు తీతువు అరిస్తే కీడు అంటారు కదా, మాలో ఒకమ్మ నిజంగానే భయపడింది. మాకు దారి చూపిస్తున్న ఊరి పిల్లాడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఉన్నచోట ఆపేశాడు. "కాళ్ల దగ్గర చూస్కోండ్రి, గుడ్లున్నయి" అన్నాడు. చూస్తే ఏమీ లేదు, ఎండిన నేల, గులకరాళ్లు, మేక పెంటికలు. ఆ పిల్లాడు వేలు పెట్టి చూపించాక కనిపించాయి, మట్టి రంగు మీద నల్లటి మచ్చలతో నాలుగు గుడ్లు, సన్నటి కొనలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. గూడంటూ ఏం లేదు, నేల మీద అరచేయంత గుంట, చుట్టూ నాలుగు రాళ్లు, అంతే. మా ముందున్న ఆయన చెప్పు దానికి జానెడు దూరంలో ఉంది. మేం వెనక్కి అడుగులో అడుగేసుకుంటూ వచ్చి దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చున్నాక కూడా ఆ పిట్ట వెంటనే దిగలేదు. ముందు వేరే చోట వాలింది, అక్కడ గుడ్లు ఉన్నట్టు కాసేపు కూర్చుంది, మళ్లీ లేచి నాలుగడుగులు నడిచింది, ఇట్లా మమ్మల్ని నమ్మించాక అప్పుడు గుడ్ల దగ్గరికి వచ్చి పొట్ట కింది ఈకలు సర్దుకుని కూర్చుంది. ఆ ఎండలో తల్లి పిట్టో తండ్రి పిట్టో నీడ పట్టకపోతే గుడ్లు ఉడికిపోతాయి. తీతువు అరుపు ఎవరికో కీడు చెప్పడం కాదని, తన పిల్లల్ని కాపాడుకోవడమని మాకు ఆ పొద్దున అర్థమైంది.

ఇప్పుడు అదే శిఖంలోకి, అదే మార్చి ఏప్రిల్‌లలో జనం బైకులు, కార్లు దింపుతున్నారు. నీళ్ల అంచు దాకా బండి పోతే ఫొటో బాగా వస్తుందట. ఆ టైర్ల కింద ఏం పోతోందో బండి నడిపేవాళ్లకు తెలియదు, తెలిస్తే చాలామంది తిప్పుకుని వెనక్కి పోతారనే నా నమ్మకం. తెలియజెప్పే బోర్డు ఒక్కటి కూడా ఆ దారిలో నాకు కనిపించలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు అర్థం తుపాకీ, వల, ఉచ్చు అని మాత్రమే లేదు. అడవి పక్షుల గుడ్లను పాడుచేసినా, గుడ్లనూ గూళ్లనూ కదిలించినా వేట కిందికే వస్తుంది. ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాసి చెరువు దిగే దారిలో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది చెప్పండి.

స్పీకర్ల సంగతికి వస్తాను, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పోయిన చలికాలం ఒక పెద్ద బ్యాచ్ బస్సులో దిగింది, ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరు తెచ్చారో నాకు అనవసరం. దిగీ దిగగానే భుజాన వేసుకునే పెద్ద స్పీకర్ ఆన్ చేశారు. మేం అప్పటికి గంట నుంచి అవతలి ఒడ్డున కదలకుండా కూర్చుని ఉన్నాం, సూదితోక బాతుల గుంపు ఒకటి మెల్లగా మేస్తూ మేస్తూ దగ్గరికి వస్తోంది. పాట మొదలైన క్షణంలో గుంపు మొత్తం ఒక్కసారి లేచింది. చెరువు మీద రెండు చుట్లు తిరిగి, ఎక్కడా దిగడానికి ధైర్యం చాలక గుట్ట అవతలికి పోయింది. దానిదేముంది, మళ్లీ వస్తాయిలే అంటారు. ఇక్కడే అర్థం చేసుకోవాల్సిన విషయం ఉంది. ఆ బాతులు హిమాలయాల అవతల, ఇంకా ఉత్తరాన ఉండే చలి దేశాల నుంచి వస్తాయి. మంచు పడి అక్కడ మేత దొరకక మన దగ్గరికి వస్తాయి, మళ్లీ మార్చి, ఏప్రిల్‌లో అంత దూరమూ ఎగిరి పోవాలి, పోయాక గుడ్లు పెట్టాలి. ఆ ప్రయాణానికి కావాల్సిన కొవ్వంతా ఈ నాలుగు నెలల్లో మన చెరువుల్లో తిని ఒంటికి పట్టించుకోవాలి. లేపిన ప్రతిసారీ తినే టైం పోతుంది, ఉన్న కొవ్వు ఖర్చవుతుంది. ఒక్కసారికి ఏం కాదు. ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా గంటకోసారి లేపితే ఆ పిట్ట తిన్నదానికన్నా ఎగిరిందే ఎక్కువవుతుంది. డ్రోన్లది ఇంకో బాధ. కొంగలు గూళ్లు పెట్టిన చెట్టు మీదికి డ్రోన్ పోతే పెద్ద పిట్టలు లేస్తాయి, అవి లేచిన సందులో కాకులు, గద్దలు దిగి పిల్లల్ని ఎత్తుకుపోతాయి.

ఇదంతా చదివి, అయితే జనాన్నే రానివ్వకుండా చేస్తే పోలా అని అధికారులు అనుకుంటారేమోనని నా భయం. గేటు మూసేయడం తేలికైన పని. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. నాకు ఈ అడవి తెలిసింది నడక వల్లే. మా బ్యాచ్‌లో ఉన్న ఆడవాళ్లు ఒంటరిగా ఆ దారుల్లో పోలేరు, గుంపు ఉంది కాబట్టే వస్తున్నారు. వాళ్లే ఇప్పుడు మాకన్నా ముందు పిట్టను గుర్తుపడుతున్నారు. గుంపులో పది జతల కళ్లుంటాయి, ఒకరు పైకి చూస్తే ఒకరు నేల చూస్తారు. ఎరువుల షాపు అన్న ఇప్పటికీ ముందు గిట్టల గుర్తులే చూస్తాడు, ఇది అడవిపందిదా దుప్పిదా అని కూర్చుని మరీ వాదిస్తాడు. ఇప్పచెట్ల కింద ఏప్రిల్‌లో ఎలుగొడ్డు పెంట ఆయనే చూపించాడు, నిండా తునికి గింజలే. అవి తిని ఇంకెక్కడో వదిలితే అక్కడ తునికి మొలుస్తుంది, అంటే అడవికి విత్తనం వేసే పనిలో ఎలుగొడ్డుకూ వాటా ఉంది. ఇట్లాంటివి ఒక్కరే పోతే దాటేసి పోతాం.

గుంపుకు ఇంకో లాభం కూడా ఉంది. ఎలుగొడ్డుకు చూపు అంతంత మాత్రం, తినే ధ్యాసలో ఉంటే మన అలికిడి కూడా పట్టించుకోదు. దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది, జనానికి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇట్లాగే. పది మంది మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ పొదల దారి దాటితే అది దూరం నుంచే పసిగట్టి తప్పుకుంటుంది. నీళ్ల దగ్గరికి రాగానే నోళ్లు మూసుకుంటే పిట్టలు ఉంటాయి. ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ మాట్లాడకూడదో తెలియడమే ఈ నడకలో అసలు విద్య, అది నేర్పడానికి ఆ ఊరివాళ్లను మించినవాళ్లు లేరు.

కాబట్టి నేను అడిగేది ఊరివాళ్ల కోసం. పాకాల చుట్టూ, తాడ్వాయి, గోవిందరావుపేట వైపు కోయ, నాయకపోడు పల్లెలున్నాయి, చెరువుల మీద బతికే ముదిరాజులు, గంగపుత్రులు ఉన్నారు. ఏ పిట్ట ఏ నెలలో వస్తుంది, మొసలి ఏ గట్టున ఎండకు పడుకుంటుంది, ఏ వాగు ఎప్పుడు దాటకూడదు, ఇవన్నీ వాళ్ల నోటి మీద ఉంటాయి. నర్సంపేట దారిలో తామరలున్న ఒక ఊరి చెరువు దగ్గర, వానకాలంలో, వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచి మరీ చూపించిన సంగతి ఒకటి చెప్తాను. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పిట్ట ఒకటుంటుంది కదా, గోధుమ రంగు రెక్కలది. "ఇగో సారూ, ఆ మగపిట్టను సూడుండ్రి, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకున్నడు, కాళ్లు ఎట్ల యాలాడుతున్నయో" అన్నాడు. బైనాక్యులర్ పెట్టి చూస్తే నిజమే, పిట్ట ఒక్కటే, కానీ రెండు పక్కలా రెక్కల కింది నుంచి సన్నటి కాళ్లు వేలాడుతున్నాయి. ఆ జాతిలో గుడ్లు పొదిగేది, పిల్లల్ని సాకేది మగదే, ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి పోతుంది. పుస్తకంలో రాసి ఉన్న ఈ సంగతిని ఆయన పుస్తకం ముట్టకుండా ఎన్నేళ్ల నుంచో చూస్తున్నాడు. మేం పోయేటప్పుడు ఆయనకు ఇచ్చింది ఒక టీ. అట్లాంటి మనిషికి ఆదివారం పూట గౌరవంగా నాలుగు డబ్బులు వచ్చే ఏర్పాటు ఎందుకు చేయకూడదు?

నా లెక్కలో అది ఇట్లా ఉండొచ్చు. అటవీ శాఖ ఇప్పటికే అభయారణ్యంలోకి పోవాలంటే పర్మిషన్ ఇస్తోంది, చట్టంలోనే ఆ ఏర్పాటు ఉంది. ఆ పర్మిషన్‌తో పాటే ఊరి నుంచి ఒక దారి చూపేవాణ్ణో దారి చూపే అమ్మాయినో బ్యాచ్‌కు జత చేయాలి, ఫీజులో ఎక్కువ భాగం వాళ్ల చేతికే పోవాలి. బ్యాచ్ అంటే పన్నెండు, పదిహేను మంది, అంతకన్నా ఎక్కువైతే వెనకున్నవాళ్లకు ఏమీ కనిపించదు, విసుగొచ్చి గట్టిగా మాట్లాడుతారు, అక్కడి నుంచి అంతా పాడవుతుంది. పెద్ద గుంపు వస్తే రెండుగా చీల్చి అరగంట ఎడంతో పంపితే సరి. స్పీకర్, డ్రోన్ గేటు దగ్గరే ఆగిపోవాలి. శిఖంలోకి బండ్లు దిగకుండా కందకం తవ్వడమో రాళ్లు పాతడమో చేయాలి, చేపల బండ్లకు మాత్రం దారి వదలాలి. పులుల అభయారణ్యం కవ్వాల్‌ను వానకాలం మూడు నెలలు పర్యాటకులకు మూసేస్తారు కదా, ఆ పద్ధతి చెరువులకు కూడా అవసరమే, కాకపోతే మొత్తం చెరువును మూయనక్కర్లేదు. పిట్టలు గుడ్లు పెట్టే ముక్క ఎక్కడో ఊరివాళ్లకు తెలుసు, ఆ నెలల్లో ఆ ముక్కను తప్పించి దారి మళ్లిస్తే చాలు. ఇందులో కోట్ల ప్రాజెక్టు ఏదీ లేదు, కాంట్రాక్టర్‌తో పని లేదు. బహుశా అందుకే ఎవరికీ పట్టడం లేదేమో.

కొత్తవాళ్లకు రెండు మూడు మాటలు. పాకాలలో మొసళ్లున్నాయి, కట్ట దగ్గర నీళ్లు ఎంత నిమ్మళంగా ఉన్నా ఈతకు దిగకండి, ఒడ్డున కూర్చుని కాళ్లు పెట్టకండి. మొసలిని ఒడ్డున చూసినప్పుడు దుంగ అనుకుని దగ్గరికి పోయేవాళ్లున్నారు, ఊరివాళ్లు వద్దంటే వద్దు. ములుగు దాటాక 163 జాతీయ రహదారి మీద కోతులకు అరటిపండ్లు వేయకండి. పుణ్యం అనుకుని వేస్తారు, కానీ బండి శబ్దం వింటే రోడ్డు మీదికి పరుగెత్తడం అలవాటై అవి అదే రోడ్డు మీద చస్తున్నాయి, రోడ్డు పక్కన పడి ఉన్న పిల్లకోతిని పట్టుకుని తల్లి కూర్చుని ఉండటం నేను చూశాను, మళ్లీ చూడాలని లేదు. తెగిన వలలు కూడా ఒడ్డున వదలొద్దని చేపలు పట్టే అన్నలకు మనవి, నైలాన్ దారం నీళ్లలో ఏళ్లు గడిచినా కుళ్లదు, నీటికాకులూ పాముమెడలూ అందులో చిక్కి మునిగి చస్తాయి. మా బ్యాచ్ పోయినప్పుడల్లా కనిపించిన వలముక్కలు ఏరి తెస్తాం, మీరు పోయినా ఏరండి.

ఊళ్లో చెరువు సంగతి కూడా చెప్పాలి. భద్రకాళి చెరువును 2024 చివర్లో పూడిక తీయడానికని ఖాళీ చేశారు. పూడిక తీయడం తప్పని నేను అనను, ఏళ్ల తరబడి మురుగు చేరిన చెరువు అది. కానీ రేపు నిండా నీళ్లు వచ్చాక చుట్టూ లైట్లు, ఫుడ్ కోర్టు, పాటల ఫౌంటెన్ మాత్రమే కాకుండా, ఒక మూలన లోతు తక్కువగా, తుంగ, జమ్ము పెరగనిచ్చి, నడక దారి పోకుండా వదలమని అడుగుతున్నాను. నాలుగు పక్కలా నిటారుగా రాతి గోడ కడితే నీళ్లుంటాయి కానీ నామం కోడి దాక్కోవడానికి చోటుండదు, కొంగ నిలబడటానికి బురద ఉండదు. వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ వైపు కూడా ఇదే మాట. పాకాల దాకా పోలేని ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్నారు. వాళ్లకు ఆటో దూరంలో ఒక లకుముకి పిట్ట చేప కోసం నీళ్లలోకి దూకడం కనిపించాలంటే ఆ మాత్రం జాగా వదలాలి.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలికి ఒకే రోజు 50 వేలకు పైగా చెట్లు కూలిపోయిన సంగతి మీరే రాశారు. ఆ తర్వాత అక్కడ ఏ పిట్టలు తగ్గాయి, ఏ జంతువులు ఏ వైపు పోయాయి అని అడిగితే చెప్పడానికి మామూలు జనం దగ్గర ముందటి లెక్క ఏదీ లేదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు 1931-32లో అప్పటి నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పుడు కార్లు, రోడ్లు ఎన్ని ఉన్నాయి? ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా ఉంది, అయినా మన చెరువు మీద చలికాలం ఎన్ని బాతులు దిగుతాయో మనకు తెలియదు. ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి జరుగుతోంది. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, పొద్దున్నే చెరువు దగ్గరికి పోయి ఓపికగా చూసి, కనిపించిన జాతులు, సంఖ్య రాసి పంపడమే. మేం ఈసారి పాకాల, రామప్ప, ధర్మసాగర్ మూడు చోట్లా లెక్క పెడదామనుకుంటున్నాం. మనుషులు చాలరు. డిగ్రీ కాలేజీల జువాలజీ లెక్చరర్లు తమ పిల్లల్ని పంపితే చాలా మేలవుతుంది, పిట్టల్ని గుర్తుపట్టడం రాకపోయినా పర్వాలేదు, లెక్కపెట్టడం వచ్చిన ఒకరు, రాసుకునే ఒకరు ఉంటే ఒక జట్టు తయారైనట్టే.

మీ నుంచి నాకు కావాల్సింది ఒకటి. చలికాలం నాలుగు నెలలు, ఆదివారం జిల్లా పేజీలో నాలుగంగుళాల జాగా ఇవ్వండి. ఏ చెరువు దగ్గర ఏం కనిపించింది, నీళ్లు ఎంత ఉన్నాయి, శిఖంలో ఎటు వైపు పోకూడదు, ఇవే అందులో ఉంటాయి. మార్కెట్ ధరలు వేసినట్టే వేయండి. రాసి పంపే బాధ్యత మాది, మీ విలేకరి సరిచూసుకోవచ్చు. అందులో ఒకటే జాగ్రత్త అడుగుతున్నాను. గూళ్లున్న చోటు పేరు మాత్రం అచ్చు వేయొద్దు, పిట్ట పేరు వేస్తే చాలు. మీరు సరేనంటే కార్తీక పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారానికి మొదటిది పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
హన్మకొండ